విషాన్ని లాగే ఆకు

పాత గోడల సందుల్లో, నూతి ఒరల మీద ఫెర్న్ మొక్కలు మొలుస్తాయి, చూసే ఉంటారు. వాటిలో టెరిస్ విట్టాటా అని ఒక రకం. అమెరికాలో, ఫ్లోరిడాలో, కలపకి చెదమందు పట్టించిన పాత స్థలమొకటి ఆర్సెనిక్‌తో, అంటే పాషాణంతో, పాడైపోయింది. అక్కడ ఈ మొక్క ఆ విషాన్ని వేళ్ళతో లాగి ఆకుల్లో దాచుకుంటోందని 2001లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. నేల బాగుపడటానికి ఏళ్ళు పడుతుందనుకోండి. ఒలికిన చమురునైతే మట్టిలోని సూక్ష్మజీవులు తిని హరాయించుకుంటాయి. పాషాణం అలా హరించేది కాదు. ఆకులు కోసి, పశువులు ముట్టకుండా జాగ్రత్తగా తీసెయ్యాల్సిందే.

ఇక మన వంటింటి సంగతి. నేలలోని విషాన్ని ఆకుల్లోకి ఎక్కించుకునే గుణం కొద్దో గొప్పో పాలకూరకీ ఉందండీ. కడిగితే పైమట్టి పోతుంది గాని, లోపలికెక్కింది పోదు. ఫ్యాక్టరీ మురుగుతో పండిన ఆకుకూర ఎంత నవనవలాడినా, ఎంత చవగ్గా ఇచ్చినా నేను మాత్రం కొనను.