ఫోను పరిశోధనలు – మన పిల్లలు – మన సమ్మతి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన కళింగపట్నం పిల్లలకు చూడ్డానికి కొదవలేదు. ఇటు వంశధార, అటు సముద్రం. సీజనులో ఇసుకమీద గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు. వీటిని ఫోటో తీసి ఐనాచురలిస్ట్ వంటి యాప్‌కు పంపితే శాస్త్రజ్ఞులకు అక్కరకొస్తుంది. సీజన్‌వాచ్ పథకంలోనైతే బడి పిల్లలు ఒకే చెట్టును వారం వారం చూసి పూత, కాయ రాసి పంపుతారు. మంచి చదువే, మేము వద్దనడం లేదు.

అయితే ఫోటోతోబాటు తేదీ, గంట, స్థలం కూడా వెళ్లిపోవచ్చు. పెరట్లో వేపచెట్టును మన అమ్మాయి ప్రతివారం ఒకే వేళకు ఫోటో తీసి పంపితే, ఆ పిల్ల ఎప్పుడు ఎక్కడుంటుందో ముక్కూమొహం తెలియనివాడికి చెప్పినట్టే గదా!

మరి సమ్మతి ఎవరివ్వాలి? 2009లో, ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో, ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార కాన్సరు టీకా వేసి చూసే పథకం నడిచింది. హాస్టలు పిల్లల సమ్మతి పత్రాలమీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టేశారు. 2010లో ప్రభుత్వం ఆపించింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే మాట. అడగవలసినవాళ్లను అడగలేదు, అదీ సంగతి. చెట్టు ఫోటో టీకా అంతటిది కాదు, నిజమే. సంతకం విషయంలో మాత్రం తేడా లేదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 నిండనివారందరినీ పిల్లలే అంటుంది. అమెరికాలో ఆ గీత 13 దగ్గరుంది. పిల్లల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి రుజువుతో వుండాలని మన చట్టం. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. సమ్మతి నియమాలకు 18 నెలల గడువిచ్చారు. బాగానే వుంది. కాని తండ్రి గల్ఫులో వుంటాడు, తల్లికి ఇంగ్లీషు రాదు, కొడుకే ‘ఒప్పుకున్నాను’ అని నొక్కేస్తాడు. మా దృష్టిలో అది సమ్మతి కాదు.

బడినుంచి చీటీ వస్తే తెలుగులోనో ఉర్దూలోనో చదివి చెప్పమనండి. పిల్లనూ అడగండి. ఇష్టంలేదంటే మార్కులు తగ్గించరాదని మాష్టారితో ముందే మాట్లాడుకోండి. ఖాతాలో అసలు పేరు, మొహం ఫోటో వద్దు. ఐనాచురలిస్ట్‌లో స్థలం మరుగుపరిచే ఏర్పాటుంది; ఇంటిదగ్గర తీసినవాటికి తప్పక వాడండి. చిన్నపిల్లలకు సీక్ అనే యాప్ చాలు, దానికి ఖాతా అక్కర్లేదు.

ఆ మరుగు ఎక్కడ నొక్కాలో తెలియనివారు భోజనాలయ్యాక ఫోన్లు పట్టుకుని మా దగ్గరకు రండి, చూపిస్తాం.