చందాల డబ్బాలు

బస్సు దిగీ దిగకముందే నలుగురు చుట్టుముట్టి, చొక్కాకు కాగితపు బిళ్ల గుచ్చి, డబ్బా గలగలలాడిస్తే ఎవరికి చిరాకు కలుగదు? 1949 నుండి ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం జరుగుతున్నది. ఆ చిన్న జెండా ధరించడం గౌరవమే. పేరూ రశీదూ లేని డబ్బాల దబాయింపు వేరు.

మొన్న అటువంటి వారిని తప్పించుకోవడానికి "ఇంతకుముందే ఇచ్చాను" అన్నాను. వెంట ఉన్న మా అమ్మాయి, "నాన్నగారూ, మనమెప్పుడు ఇచ్చాం?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు.

శ్రోతలారా! బలవంతాన రాబట్టినది దానం కాదన్నది నిజమే. కాని, "ఇవ్వను" అనలేక బిడ్డ ఎదుట నేనాడిన అబద్ధం వారి దబాయింపు కంటె ఏమంత మేలు? రశీదు అడుగుదాం, మనసొప్పితే ఇద్దాం, ఒప్పకుంటే చేతులు జోడించి కాదందాం.