కొన్న నీళ్లు

ఉద్యోగ జీవితమంతా కాలువ గట్ల మీద గడిపిన ఒక ఇంజినీరు పేరిట జరిగే ఉపన్యాసం ఇది. ఇంజినీర్లు మెచ్చుకునేదీ, ఊళ్లు తిట్టుకునేదీ అయిన ఒక కాలువ కథ అందుకే ఎంచుకున్నాను.

1913 నవంబరు 5న లాస్ ఏంజెలస్ శివార్లలో గేట్లు ఎత్తారు. సియెర్రా నెవాడా మంచు కరిగి పారే ఓవెన్స్ నది నీళ్లు మొహావీ ఎడారి దాటి, సుమారు 375 కిలోమీటర్లు ప్రయాణించి వచ్చాయి. దారిలో ఒక్క పంపు లేదు, అంతా వాలు మీదే. జాబోన్ లోయలో ఉక్కు గొట్టాల్లోకి దిగిన నీరు తన ఒత్తిడితోనే అవతలి కొండ ఎక్కుతుంది. ఆ గొట్టాలను అక్కడికి లాగినవి కంచర గాడిదలు. చీఫ్ ఇంజినీరు విలియం ముల్‌హాలండ్ ఐర్లండు నుంచి వలసొచ్చి, లాస్ ఏంజెలస్‌లోనే కాలువల పూడిక తీసే పనిలో చేరినవాడు. చదువు సొంతంగా నేర్చుకున్నదే. అయినా అనుకున్న డబ్బులో, అనుకున్న వేళకు పని ముగించాడు. అంచనాలు ఏటేటా పెరగడం చూసిన మనం ఆ ఒక్కదానికైనా ఆయనకు దండం పెట్టాలి.

నగరం వాదన ఎప్పుడూ ఒకటే: మేం దోచలేదు, కొన్నాం. పత్రాలు చూస్తే నిజమే. మాజీ మేయరు ఫ్రెడ్ ఈటన్ ఓవెన్స్ లోయకు వెళ్లి రైతులతో బేరాలాడాడు. ఫెడరల్ ప్రభుత్వం తమ లోయకే సాగునీటి పథకం తెస్తోందని రైతులు నమ్ముతున్న రోజులవి. ఆ పథకం చూస్తున్న ఇంజినీరు లిపిన్‌కాట్ అదే సమయంలో నగరం దగ్గరా ఫీజు పుచ్చుకున్నాడు. ఇటు నగరం పక్కనున్న శాన్ ఫెర్నాండో లోయలో పత్రికాధిపతి ఓటిస్ వంటి పెద్దలు ముందే చవగ్గా భూములు కొనిపెట్టుకున్నారు. మిగులు నీళ్లు మొదట పారింది అక్కడికే.

1924లో ఓవెన్స్ లోయ వాళ్లు కాలువను డైనమైట్‌తో పేల్చారు. ఆ ఏడాది నవంబరులో కాలువ మీది అలబామా గేట్లు ఆక్రమించి నీటిని మళ్లీ నదిలోకి వదిలారు. నాయకత్వం వహించిన వాటర్సన్ సోదరుల బ్యాంకు 1927లో కూలడంతో తిరుగుబాటు చల్లారింది. డిపాజిట్ల సొమ్ము కాజేసినందుకు ఆ సోదరులు జైలుకెళ్లారు. రైతుల పక్షాన రాసేవాళ్లు ఈ ముక్క దగ్గర కలం తొందరగా కదిపేస్తారు. మరుసటి ఏడాదే ముల్‌హాలండ్ కట్టిన సెయింట్ ఫ్రాన్సిస్ డ్యామ్ తెగి నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. ఆయన ఉద్యోగమూ దాంతో ముగిసింది.

నాకు మాత్రం రైతులకూ నగరానికీ నడిచిన ఈ గొడవ సగం కథే అనిపిస్తుంది. అమ్మడానికి రైతు చేతిలో పట్టా ఉంది. నది చివరనున్న ఓవెన్స్ సరస్సుకు ఏ పట్టా ఉంది? 1920లలోనే అది ఎండిపోయింది. దాని అడుగున మిగిలిన ఉప్పు మట్టి గాలికి లేచి జనం ఊపిరితిత్తుల్లో చేరింది. స్వచ్ఛ వాయు చట్టాలు మెడ మీద కూర్చున్నాక, 2001 నుంచి నగరమే ఆ నేల మీద నీళ్లు చల్లుతోంది. ఖర్చు రెండు వందల కోట్ల డాలర్లు దాటింది. ఉత్తరాన ఇదే నగరం నీళ్లు మళ్లించుకున్న మోనో సరస్సు అదృష్టం వేరు. 1983లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు అది ప్రజలందరి తరఫున రాష్ట్రం కాపాడవలసిన ఆస్తి అంది. దాంతో నీటి హక్కు ఉన్నవాడు కూడా సరస్సును ఎండగట్టే అధికారం కోల్పోయాడు.

రైతుల కంటే ముందే ఆ లోయలో కాలువలు తవ్వి పొలాలకు నీరు పెట్టిన పయూట్ ఆదివాసులను ఏ బేరంలోనూ ఎవరూ అడగలేదు. 1939లో వాళ్ల కోసమని నగరానికీ ఫెడరల్ ప్రభుత్వానికీ మధ్య భూముల మార్పిడి జరిగింది. నీటి హక్కు ఇవ్వాలంటే ఓటర్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలని నగర చార్టరు అడ్డొచ్చింది. ఆ సంగతి తర్వాత చూద్దామని పక్కన పెట్టారు. నేటికీ తేలలేదు.