నికాహ్ నాడే సిద్ధం కావలసిన కాగితం



భర్త గల్ఫ్‌లో, భార్యాబిడ్డలు కడపలోనో నిజామాబాద్‌లోనో ఉండిపోయిన కుటుంబాలు మనలో అనేకం. దంపతులు ఒకచోట జీవించడం విలాసం కాదు, హక్కు. ఆ హక్కుకు జీతం అడ్డుగా నిలుస్తున్నది. ఎమిరేట్స్‌లో భార్యను పిలిపించుకోవాలంటే 4000 దిర్హంల జీతం, లేదా 3000తో పాటు వసతి ఉండాలి. సౌదీలో ఆశ్రితుల రుసుము 2017లో తలకు నెలకు 100 రియాళ్లతో మొదలై 2020 నాటికి 400కు చేరింది.

జీతం మన చేతిలో లేదు; కాగితం మన చేతిలో ఉన్నది. నికాహ్‌నామాలో 'ఎండీ' అని, పాస్‌పోర్టులో 'మొహమ్మద్' అని ఉంటే దరఖాస్తు అక్కడే ఆగిపోవచ్చు. కనుక ఖాజీ సాహెబ్ కలం పట్టకముందే వధూవరుల పాస్‌పోర్టులు ఆయన ముందుంచండి. వివాహాన్ని ప్రభుత్వ రిజిస్టరులోనూ నమోదు చేయించండి. 2002 నాటి చట్టం ప్రకారం అది తప్పనిసరి. సౌదీకి మన విదేశాంగ శాఖ వారి అపోస్టిల్ ముద్ర సరిపోతుంది. ఎమిరేట్స్‌కు వారి రాయబార కార్యాలయ ధ్రువీకరణ కూడా కావాలి.

మరొక మాట. అక్కడ భార్య నివాసానుమతి భర్త అనుమతిపై ఆధారపడి ఉంటుంది. కావున మహర్ స్పష్టంగా వ్రాయించండి. నికాహ్‌నామా ప్రతి, పాస్‌పోర్టు ఆడబిడ్డ చేతిలోనే ఉండాలి. మస్జిద్ కమిటీలు జుమా అనంతరం ఒక అరగంట ఈ దరఖాస్తులకు కేటాయిస్తే, ఎన్నో ఇళ్లు ఏజెంట్ల బారిన పడకుండా నిలుస్తాయి.