పంచాయతీ కంప్యూటరు: ధర యెంత, పని యెంత?

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



వ్యవసాయపు బావికి మోటారు కొనునపుడు మనము ముందుగా నేమి విచారింతుము? బావిలో నీరెంత యూరుచున్నది, అది యెంత లోతున నున్నది, ఎన్ని యెకరములు తడుపవలెను అని విచారింతుము. మూడు అశ్వశక్తులు చాలిన బావికి పది అశ్వశక్తుల మోటారును ఎవ్వరును బిగింపరు. పైరునకు కావలసినది కాలువలో పారు నీరేగాని మోటారుపై వ్రాసిన యంకె గాదు. పంచాయతీ కార్యాలయమునకు కంప్యూటరు కొనునపుడు గూడ ఈ వివేకమునే చూపవలెనని చెప్పుట మా యుద్దేశము.

2020వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన ఈ-గ్రామస్వరాజ్ ప్రారంభమైనది. అప్పటినుండి పంచాయతీ ప్రణాళికలు, జమాఖర్చులు, చెల్లింపులు కంప్యూటరు ద్వారా జరుగుట నానాట హెచ్చినది. కనుక కార్యాలయమునకు కంప్యూటరు అలంకారము గాదు, పనిముట్టు. దానికి వెచ్చించు సొమ్ము ప్రజల సొమ్ము. తక్కువ ధరకు కొని పని జరుగక పోయినను నష్టమే, అక్కరకు మించిన దానిని కొని మూలనుంచినను నష్టమే.

కంప్యూటరులో లెక్కలు చేయు భాగమును ప్రాసెసరు అందురు. మన కార్యాలయములలో బల్లపై నుంచి వాడు కంప్యూటర్లలో అధిక భాగమునకు ప్రాసెసర్లు సమకూర్చునవి రెండు అమెరికా సంస్థలు. ఇంటెల్ 1968లోను, ఏ.ఎం.డి. 1969లోను కాలిఫోర్నియాలో స్థాపితమైనవి. ఐ.బి.ఎం. సంస్థ 1981లో వెలువరించిన తన వ్యక్తిగత కంప్యూటరునకు ఇంటెల్ వారి 8088 ప్రాసెసరును ఎన్నుకొనినది. కాని ఒక్క తయారీదారునిపైననే ఆధారపడుట మంచిది కాదని తలచి, రెండవ తయారీదారు ఉండవలెనని కోరినది. తత్ఫలితముగా 1982లో ఇంటెల్, ఏ.ఎం.డి.లకు ఒప్పందము కుదిరినది. అంత పెద్ద సంస్థయే ఒక్క దుకాణమును నమ్ముకొనలేదని మనము గమనింపవలెను. ఒప్పందముతో మొదలైన ఆ సంబంధము పిదప పోటీగా మారినది.

ఈ రెండింటి సరుకును పోల్చుటలో కొనువారు సాధారణముగా మూడు పొరపాట్లు చేయుచుందురు.

మొదటిది గిగాహెర్ట్జ్ అను అంకెను మాత్రమే చూచుట. ఏతము నిమిషమునకు ఎన్నిమార్లు మునిగి లేచినదను లెక్క వంటిదే యిది. బాన ఎంత పెద్దదో తెలియనిదే ఎంత నీరు వచ్చినదో చెప్పజాలము. 2001లో ఏ.ఎం.డి. తన అథ్లాన్ ఎక్స్‌పి ప్రాసెసరు ఒకదానికి 1800+ అని పేరిడినది. దాని గడియ వేగము 1.53 గిగాహెర్ట్జ్ మాత్రమే. వేగపు అంకె చిన్నదైనను పనిలో తీసిపోదని చెప్పుటకే ఆ పేరు. ఇంటెల్ వారును ఈ పాఠము నేర్చిరి. 2006లో వారి కోర్ 2 డ్యుయో 2.4 గిగాహెర్ట్జ్ వేగముతోనే, 3.6 గిగాహెర్ట్జ్ వేగముగల తమ పాత పెంటియం 4ను మించి పని చేసినది.

రెండవ పొరపాటు పేరులోని అంతస్తును నమ్ముట. ఐ3 కంటె ఐ5 మేలు, ఐ5 కంటె ఐ7 మేలు అని దుకాణదారు చెప్పును. ఒకే తరమునకు చెందిన సరుకులో ఈ మాట చాలవరకు నిజమే. కాని 2017 జనవరిలో వచ్చిన ఐ5-7500లో నాలుగు కోర్లు, అనగా పనిచేయు నాలుగు చేతులు, ఉండెను. విడుదలనాటి ధర 192 డాలర్లు. అదే సంవత్సరము అక్టోబరులో వచ్చిన ఐ3-8100లో గూడ నాలుగు కోర్లే. ధర 117 డాలర్లు. పని ఇంచుమించు సమానమే. తొమ్మిది నెలలలో చిన్న పేరుగలది పెద్ద పేరుగలదానిని అందుకొనినది. కనుక ఏ పేరు అని మాత్రమేగాక, ఏ తరము అని గూడ అడుగవలెను.

మూడవది ప్రాసెసరు ధరను మాత్రమే చూచి మొత్తము ఖర్చును మరచుట. 2017 మార్చిలో ఏ.ఎం.డి. విడుదల చేసిన రైజెన్ 7 1700లో ఎనిమిది కోర్లు, ధర 329 డాలర్లు. ఆనాటి ఇంటెల్ ఐ7-7700కెలో నాలుగు కోర్లు, ధర 339 డాలర్లు. లెక్క గట్టి చూడుడు. మొదటిదానిలో కోరు ఒక్కింటికి సుమారు 41 డాలర్లు, రెండవదానిలో సుమారు 85 డాలర్లు. ఇంతటితో తీర్పు చెప్పవచ్చునా? చెప్పరాదు. వరికోతకు ఎనిమిదిమంది కూలీలు నలుగురికంటె ముందుగా పని ముగింతురు. ఇరుకు నూతి అడుగున ఒక్కడే త్రవ్వగల చోట మిగిలిన యేడుగురు గట్టుపై కూర్చుండవలసినదే. అచట బలముగల ఒక్కడు కావలెను. చలనచిత్రములను కూర్చుట వంటి, పదిమందికి పంచదగిన పనిలో రైజెన్ ముందు నిలిచినది. ఒక్క చేతి వేగముపై ఆధారపడు పనులలో, ఆటలలో, ఇంటెల్ ముందు నిలిచినది.

మరియొక సంగతి. ఆ రైజెనులో తెరపై బొమ్మ చూపు గ్రాఫిక్సు భాగము లేదు. దానిని వేరుగా కొనవలెను. ఇంటెల్ దానిలో ఆ భాగము కలదుగాని, వేడిని చల్లార్చు ఫ్యాను వెంట రాదు. రైజెనుకు ఫ్యాను వెంట వచ్చినది. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అన్నట్లు గాకుండ, అన్నియు కలిపి వ్రాయించుకొనిన పిదపనే ధరలను పోల్చవలెను.

ఈ పోటీవలన కొనువారికి కలిగిన మేలును గూడ చెప్పవలెను. అంతకుముందు ఇంటెల్ వారి ఎనిమిది కోర్ల డెస్కుటాప్ ప్రాసెసరు వేయి డాలర్లకు పైబడి యుండెను. రైజెన్ శ్రేణిలోని మేలురకమైన 1800ఎక్స్ 499 డాలర్లకే వచ్చినది. సుమారు ఏడు నెలలకు ఇంటెల్ ఆరు కోర్ల ఐ7-8700కెను 359 డాలర్లకు తెచ్చినది. ఇంతకు మున్ను చెప్పిన 117 డాలర్ల ఐ3యు ఆ అక్టోబరులో వచ్చినదే. ధాన్యము కొనుటకు ఇద్దరు వర్తకులు వచ్చిననాడు రైతునకు మంచి ధర పలుకును. సరుకు అమ్ముటకు ఇద్దరున్ననాడు కొనువారికి మేలు. కాబట్టి మన తీర్మానములో ఒక్క సంస్థ పేరు వ్రాసి రెండవవారికి తలుపు మూయరాదు. మనకు జరుగవలసిన పనిని వ్రాసి, ఇరువురి ధరలను తెప్పించుకొనవలెను.

ఇక మా పొరపాటు నొకదానిని దాచక చెప్పుదుము. ఒక గ్రామమున కార్యాలయమునకు పేరుగల ప్రాసెసరునే తీసుకొనుడని సలహా చెప్పినవారిలో మేమును ఉంటిమి. సొమ్మంతయు దానికే పోగా, ర్యామ్ 4 జీబీతోను, పాతరకపు హార్డు డిస్కుతోను సరిపెట్టిరి. కొంతకాలమునకు మేమచటికి పోయి చూడగా, ఇంటిపన్ను రసీదునకై వచ్చిన ఒక అవ్వ అరుగుపై కూర్చుండి యున్నది. కంప్యూటరు ఇంకను తెరచుకొనుచునే యుండెను. బలమైన యెడ్లను కట్టి, విరిగిన చక్రముల బండిని తోలినట్లయినది. తరువాత డిస్కు తీసి ఎస్.ఎస్.డి. బిగించి, ర్యామ్ 8 జీబీ చేసిన మీదట ఆ యంత్రమే చురుకుగా పని చేసినది. ప్రాసెసరును మార్చనక్కరలేక పోయినది.

పంచాయతీ పనిలో పెద్ద లెక్కలు దూరమున నున్న సర్వర్లలో జరుగును. మన బల్లపై జరుగునది ఉత్తరములు, పట్టికలు, రసీదులు. ఇంటర్నెట్టు మందముగా నున్నచో ఎంత ఖరీదైన ప్రాసెసరును దానిని పరుగెత్తింపలేదు.

పాత యంత్రము చౌకగా వచ్చుచున్నదని తొందరపడరాదు. విండోస్ 10కి సాధారణ రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. విండోస్ 11 పనిచేయునని ప్రకటించిన ప్రాసెసర్ల జాబితాలో, 2017లో పోటీపడిన ఆ రైజెన్ 7 1700 లేదు, ఐ7-7700కె యును లేదు. ఆనాడు గెలిచినదెవరైనను ఈనాడు రెండును ఒకే గట్టున నున్నవి. లినక్సు వేసి వాడవచ్చును. కాని చెల్లింపులకు వాడు డిజిటల్ సంతకపు సాధనము దానిపై పనిచేయునో లేదో ముందుగా పరీక్షించి చూడవలెను.

కరెంటు ఖర్చును గూడ తలచవలెను. ఒక యంత్రము మరియొకదానికంటె 50 వాట్లు ఎక్కువ తినునదైనచో, దినమునకు 8 గంటల చొప్పున 300 దినములలో 120 యూనిట్లు అధికమగును.

కావున కొనుటకు ముందు పంచాయతీ సమావేశములో ఈ ప్రశ్నలు వేయుడు.

1. ఈ యంత్రముపై జరుగవలసిన పనులేవి?
2. ప్రాసెసరు ఏ సంవత్సరపుది, ఏ తరముది? విండోస్ 11 జాబితాలో నున్నదా?
3. గ్రాఫిక్సు, ఫ్యాను, 8 జీబీకి తగ్గని ర్యామ్, ఎస్.ఎస్.డి. అన్నియు ధరలో చేరినవా?
4. రెండవ సంస్థ ప్రాసెసరుతో అదే పని చేయు యంత్రము ధర యెంత?
5. హామీ ఎన్ని సంవత్సరములు? చెడినచో బాగుచేయువారు ఎంత దూరమున నున్నారు?

సమాధానములను తీర్మానపు పుస్తకములో వ్రాయించుడు. రేపు గ్రామసభలో ఎవరైన లేచి, ఇంత సొమ్ము దీనికేల వెచ్చించితిరని అడిగినచో ఆ పుట చదివి వినిపింపవచ్చును. అరుగుపైనున్న అవ్వ తన రసీదు తీసుకొని ప్రొద్దెక్కక ముందే పొలమునకు పోగలిగినచో, మీరు కొన్న యంత్రము మంచిదని మేము చెప్పనక్కరలేదు.