యశోద: సమంత మొహమే చెప్పేసింది

కౌలాలంపూర్ నుంచి మాట్లాడుతున్నా. పోయిన ఆదివారం బట్టలు ఉతుక్కుని, వంట చేసుకుని, రూములో ఆరుగురం ఒక ల్యాప్‌టాప్ ముందు చేరి ‘యశోద’ చూశాం. 2022 నవంబర్ 11న వచ్చిన థ్రిల్లర్. నేను చూడటం రెండోసారి.

చెల్లి ఆపరేషన్‌కి డబ్బు కావాలని యశోద అద్దె గర్భానికి ఒప్పుకుంటుంది. ‘ఈవా’ అనే చోట పెడతారు. మంచి గది, మంచి తిండి. బయటికి దారి మాత్రం ఉండదు. మిగతాది చెప్పను, చూడండి. డబ్బుకి గర్భం అద్దెకివ్వడాన్ని నిషేధించే చట్టం మన దేశంలో అదే ఏడాది జనవరిలో అమల్లోకి వచ్చింది. అంటే కథ ఊరికే పుట్టింది కాదు.

దర్శకులు హరి, హరీష్ ఇద్దరు. ఎత్తుకున్న విషయం గట్టిదే, చెయ్యి బరువెక్కింది. సెకండాఫ్‌లో వరలక్ష్మి శరత్‌కుమార్ పాత్ర వెనకటి కథంతా విప్పి, మనకి అర్థమైనదే మళ్లీ నోటితో చెప్పిస్తారు. మన సైట్లో కాంక్రీట్ పోసేటప్పుడు వైబ్రేటర్ ఒకేచోట ఎక్కువసేపు పెడితే ఏమవుతుంది? కంకర అడుక్కి పోతుంది, సిమెంటు పాలు పైకి తేలతాయి. అదే జరిగింది ఇక్కడ.

అయినా సినిమా నిలబడిందంటే సమంత వల్లే. పైకి నవ్వుతూ, లోపల భయాన్ని నొక్కిపెట్టిన ఆ మొహం మనకి కొత్త కాదు. ఇంటికి వీడియో కాల్ చేసి “బాగున్నానమ్మా” అనేటప్పుడు మనం పెట్టే మొహమే అది. విడుదలకి కొద్ది రోజుల ముందే తనకి మయోసైటిస్ అనే జబ్బు ఉందని ఆమె బయటపెట్టింది. చేతికి డ్రిప్ పెట్టుకుని డబ్బింగ్ మైకు ముందు కూర్చున్న ఫొటో మీరూ చూసే ఉంటారు.

సినిమా అయ్యాక అందరూ లేచారు, కొత్తగా వచ్చిన ఒక తమ్ముడు తప్ప. “అన్నా, నా పాస్‌పోర్టు ఏజెంటు దగ్గరే ఉంది. ఇంట్లో చెప్పలేదు” అన్నాడు. మూడు నెలల నుంచి రోజూ నవ్వుతూనే కనిపించాడు. నేను సూపర్‌వైజర్ని, నాకే తెలియలేదు.

1966 నాటి మలేషియా పాస్‌పోర్టు చట్టం ప్రకారం, సరైన అధికారం లేకుండా ఇంకొకరి పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం నేరం. ఇక్కడ మన హైకమిషన్ ఉంది. ఆ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్తున్నా. మీ రూములో కూడా ఎక్కువగా నవ్వేవాణ్ణి ఒకసారి పక్కన కూర్చోబెట్టి అడగండి.

ఉంటా మరి. జాగ్రత్త.