చిగురు కింద దాగిన గార

(మన సంఘం ఉగాది సభలో చదివిన ప్రసంగ పాఠం)



నేను వైద్యుణ్ణి కాను. మెట్రిక్ చదివి, రైల్వేలో గుమాస్తా పని చేసుకొంటున్నవాణ్ణి. “నీకు పళ్ల సంగతి దేనికయ్యా?” అని మీరడగవచ్చు. దానికి సమాధానం మా ఇంట్లోనే ఉన్నది. మా నాన్నగారికి యాభై ఏళ్లు దాటేసరికి దవడ పళ్లు ఒక్కటీ మిగలలేదు. ఉగాదినాడు పచ్చట్లో మామిడి ముక్క ఆయన కొరకలేకపోయేవారు. ఆయన వంతు విడిగా నూరి ఇచ్చేవాళ్లం. చిత్రమేమంటే, ఆ పళ్లలో పుచ్చినది ఒక్కటీ లేదు. అన్నీ గట్టి పళ్లే. చిగుళ్ల పట్టు వదిలి ఊడిపోయినవి.

నా ముప్పై రెండో ఏట పళ్లు తోముకొనేటప్పుడు నాకూ నెత్తురు కనిపించసాగింది. “వేడి చేసింది, మజ్జిగ తాగు” అన్నారు. రెండేళ్లు తాగాను. నెత్తురు ఆగలేదు. చివరకు భయపడుతూ దంతవైద్యుని దగ్గరకు వెళ్లాను. అక్కడ చూసినదీ, అడిగి తెలుసుకొన్నదీ మీకు మనవి చేయడమే ఈ నాలుగు మాటల ఉద్దేశం.

మన పళ్ల మీద రోజూ పేరుకొనే మెత్తని పాచి ఉత్త అన్నం మెతుకుల మురికి కాదు. అది సూక్ష్మజీవుల గుంపు. దానిని తీయకుండా వదిలేస్తే ఉమ్మిలోని సున్నపు పదార్థం చేరి రాయిలా గట్టిపడుతుంది. దానినే గార అంటున్నాం. 1965లో డెన్మార్కులో హరాల్డ్ లో అనే ఆచార్యుడు, ఆయన సహచరులు ఒక పరీక్ష చేశారు. చిగుళ్లు బాగున్న 12 మంది చేత పళ్లు తోమడం మాన్పించారు. 10 నుండి 21 రోజులలోగా అందరికీ చిగుళ్లు వాచినవి. మళ్లీ తోమడం మొదలుపెట్టగా సుమారు వారానికి మామూలయినవి. కాబట్టి నెత్తురుకు ముఖ్య కారణం ఒంట్లోని వేడి కాదు, పంటిమీది పాచి.

అప్పుడే జాగ్రత్తపడితే సరి. పడకపోతే పాచి చిగురు కిందికి దిగుతుంది. చిగురు పంటిని విడిచి సంచిలా వదులవుతుంది. లోపల దవడ ఎముక కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. నొప్పి ఉండదు గనుక మనకు తెలియదు. మా నాన్నగారికి జరిగినది ఇదే.

ఈ సంచి కంటికి కనిపించదు. మరి వైద్యుడు ఎలా కనుక్కొంటాడు? మిల్లీమీటర్ల గుర్తులున్న సన్నని కొలపుల్ల ఒకటి ఉన్నది. ప్రోబ్ అంటారు. ఒక్కొక్క పంటి చుట్టూ 6 చోట్ల దానిని మెల్లగా దింపి లోతు చూస్తారు. 3 మిల్లీమీటర్ల వరకు ఉంటే మామూలు. 4, ఆపైన ఉండి నెత్తురు వస్తే రోగం ఉన్నట్టు. నాకు కొన్నిచోట్ల 6 వచ్చింది, ఒక దవడ పంటికి 7. ఆ అంకెలు విన్నాక నాన్నగారి పచ్చడి గిన్నె కళ్లముందు కనబడింది.

తరువాత శుభ్రం చేసే పనిముట్లు. చిగురు పైన ఉన్న గారకు కొడవలి వంటి మొన ఉన్న స్కేలరు వాడతారు. కాని ఆ మొనను చిగురు లోతుకు దింపితే కండ గీరుకొంటుంది. అందుకని లోపలికి క్యూరెట్టు అనే పనిముట్టు. దాని కొన గుండ్రంగా ఉంటుంది. అమెరికా దంతవైద్యుడు గ్రేసీ పేరుతో ప్రసిద్ధమైన క్యూరెట్లు 7 జతలు. ముందు పళ్లకు ఒకటి, దవడ పంటి ముందు వైపుకు ఒకటి, వెనుక వైపుకు మరొకటి, ఇలా ఏ పక్కకు తగిన వంపు ఆ పక్కకు ఉంటుంది. వాటికి ఒక అంచే వాడి. ఆ అంచు పంటివైపు, రెండవ వైపు చిగురువైపు ఉండేటట్లు పట్టుకొంటారు. ఇంకా లోతైన సంచులకు కాడ 3 మిల్లీమీటర్లు పొడవు చేసినవి, ఇరుకు చోట్లకు అలుగు సగానికి తగ్గించినవీ వచ్చినవి.

పట్టే తీరు కూడా గమనించాను. కలం పట్టినట్లే పట్టి, ఉంగరపు వేలు పక్క పంటిమీద ఆనించుతారు. అలా ఆసరా ఉంటే చెయ్యి జారదు. అలుగును పంటికి ఆనించి మూసినట్లు లోపలికి దింపి, అడుగున కొంచెం తెరచి, పైకి లాగుతారు. పనిముట్టు మొద్దుబారితే గార ఊడదు, నునుపై అక్కడే ఉండిపోతుంది. అందుచేత దానిని తరచు సాన పెట్టుకోవాలి.

1950ల దశకం నుండి ధ్వని కంపన యంత్రం కూడా ఈ పనికి వచ్చింది. దాని కొన సెకనుకు 25,000 సార్లు, కొన్నిటిలో అంతకుమించి అదురుతుంది. ఆ అదురుకు గార పగిలి రాలుతుంది. వేడెక్కకుండా నీళ్లు చిమ్ముతూ ఉంటుంది. గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. సుమారు ఒక మిల్లీమీటరు మందంగల దుర్బీను దారాన్ని సంచిలోకి పంపి, తెరమీద పెద్దదిగా చూస్తూ గార తీసే పద్ధతి కూడా ఉన్నది. అయితే పనిముట్టు ఎంత కొత్తదైనా, పట్టిన చెయ్యి నేర్పు గలది కావాలి. ఆ నేర్పు కోసమే 1913లో అమెరికాలోని బ్రిడ్జిపోర్టులో డాక్టరు ఫోన్స్ ప్రత్యేకంగా బడి పెట్టారు. మన దేశంలో 1948 నాటి దంతవైద్యుల చట్టం పళ్లు శుభ్రం చేసేవారిని ఒక వృత్తిగా గుర్తించి, వారి పేర్లు నమోదు కావాలన్నది.

ఇక మనవాళ్ల పెద్ద అనుమానం: “ఇనుముతో గీకితే పళ్లు కదలవా?” మా అమ్మ ఇదే మాట పట్టుకొని నాలుగేళ్లు రానన్నది. నిజం వేరు. పన్ను వదులయ్యేది ఎముక కరిగినందువల్ల. పళ్ల మధ్య గార సిమెంటులా పట్టి ఆ వదులును కప్పిపుచ్చుతుంది. అది తీయగానే ఉన్న సంగతి బయటపడుతుంది. వాపు తగ్గి సందులు కనిపిస్తాయి, కొద్ది రోజులు చన్నీళ్లు జివ్వుమంటాయి. అది కొత్త జబ్బు కాదు.

లోతుగా చేసేటప్పుడు మత్తు సూది వేస్తారు. నాకు రెండు దఫాలుగా చేశారు. ఆరు వారాల తరువాత మళ్లీ కొలిస్తే 6 ఉన్నచోట 4, 4 ఉన్నచోట 3 వచ్చింది. ఆ 7 మాత్రం పెద్దగా తగ్గలేదు. దానికి చిగురు తెరచి శుభ్రం చేయవలసి వచ్చింది. పోయిన ఎముక తిరిగి రాలేదు. ఉన్నది నిలిచింది. రెండేళ్ల ముందే వెళ్లి ఉంటే ఇంకొంచెం నిలిచేది.

మనం ఒడిశాలో స్థిరపడి ఇక్కడి మంచిని ఎంతో నేర్చుకొన్నాం. కాని మన ఇళ్లలో కొందరు గుడాఖుతో పళ్లు తోముతున్నారు. అది పళ్లపొడి కాదు, పొగాకే. చుట్ట, బీడీ, సిగరెట్టు తాగేవారికి చిగుళ్ల నెత్తురు తక్కువ కనిపిస్తుంది. రోగం లేక కాదు, పొగ దానిని దాచిపెడుతుంది. చక్కెర వ్యాధి గలవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. అది చిగుళ్లను చెరుపుతుంది, చెడిన చిగుళ్లు చక్కెరను అదుపు తప్పిస్తాయి.

నా మనవి ఒక్కటే. నెత్తురు కనబడితే మజ్జిగతో సరిపెట్టక, చదువుకొన్న దంతవైద్యునికి చూపించి, “సంచుల లోతు కొలవండి” అని నోరు తెరిచి అడగండి. రోజూ రెండు పూటలా తోమండి, పళ్ల సందులను కూడా శుభ్రం చేసుకోండి. వైద్యుడు చెప్పిన గడువుకు తిరిగి వెళ్లండి.

మా అమ్మ పోయిన చలికాలంలో ఒప్పుకొని వచ్చింది. ఈవేళ పచ్చట్లో మామిడి ముక్క తానే కొరికింది. మనందరి ఇళ్లలో పెద్దలకూ ఆ రుచి దక్కాలని కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.